నాన్న ఇనప్పెట్టె

నాన్న సంవత్సరీకం అయిన మర్నాడు తమ్ముడు మంచం కిందున్న ఇనప్పెట్టెను బయటికి లాగాడు. మా మేనకోడలికి ఈఏపీసెట్ ర్యాంకు వచ్చింది. కౌన్సెలింగ్‌కి కాగితాలు సర్దుతుంటే ఆరు, ఏడు తరగతుల స్టడీ సర్టిఫికెట్లు కనబడలేదు. అవి తాత పెట్టెలోనే ఉండాలని అమ్మ అంది. మూత ఎత్తగానే కలరా ఉండల వాసన గుప్పుమంది. నాకు గొంతు పట్టేసింది. వేరే ఇళ్లలో ఆ వాసన పట్టుచీరలది. మా ఇంట్లో సర్టిఫికెట్లది.

నాన్న మా సర్టిఫికెట్లను పాత కాన్వాసు గుడ్డలో చుట్టి, పల్చటి బట్టలో మూటగట్టిన కలరా ఉండలు నాలుగు మూలలా పెట్టేవాడు. వానాకాలం వెళ్లగానే ఒక రోజంతా వాటిని చాప మీద పరిచి ఆరబెట్టేవాడు. ఎండలో పెట్టనిచ్చేవాడు కాదు. "ఎండ తగిలితే సిరా వెలిసిపోద్ది, నీడలో గాలి చాలు" అనేవాడు. ఆ రోజు ఆ చాప పక్కన నుంచి మేం పరిగెత్తితే ఊరుకునేవాడు కాదు.

మేనకోడలు ఫోన్‌లో జాబితా చదువుతోంది. హాల్ టికెట్, ర్యాంకు కార్డు, ఇంటర్ మార్కుల మెమో, పుట్టిన తేదీకి పది మెమో, టీసీ, ఆరు నుంచి ఇంటర్ దాకా స్టడీ, కులం, ఆదాయం. కళ్లు మూసుకుంటే అదే జాబితా నాన్న గొంతులో వినబడింది. ఫోన్ లేదు, వెబ్‌సైట్ లేదు. తెల్లకాగితం మీద నీలం సిరాతో రాసిన జాబితా, ఒక్కో పేరు పక్కన చిన్న టిక్కు.

* * *

మా ఊరి బ్రాంచి పోస్టాఫీసు మా ఇంటి వరండాలోనే ఉండేది. నాన్నే పోస్టుమాస్టరు. ఒక చెక్క బల్ల, చిన్న తక్కెడ, తేదీ ముద్ర, సిరా ప్యాడ్, లక్క. పొద్దున్నే రన్నరు సంచి తెచ్చి బల్ల మీద పెట్టేవాడు. తర్వాత ముద్ర చప్పుడు మొదలయ్యేది. ప్యాడ్ మీద మెత్తగా ఒకటి, ఉత్తరం మీద గట్టిగా ఒకటి. టప్, టక్. నా చిన్నతనంలో పొద్దున్న అంటే ఆ చప్పుడే.

వేసవి వస్తే వరండా నిండిపోయేది. ఇంటర్ రిజల్ట్స్ వచ్చాయంటే చుట్టుపక్కల నాలుగైదు ఊళ్ల పిల్లలు సైకిళ్ల మీద వచ్చేసేవాళ్లు. అప్లికేషన్ ఫారం కావాలంటే ముందు బ్యాంకులో డీడీ తియ్యాలి. దాంతో పాటు మన అడ్రసు మనమే రాసి, స్టాంపులు అంటించిన కవరు పంపాలి. ఫారం వచ్చాక నింపి, అటెస్ట్ చేయించిన నకళ్లు జతచేసి, రిజిస్టర్ పోస్టులో వెయ్యాలి. ఇందులో ఏ ఒక్క మెట్టు తప్పినా ఆ ఏడాది పోయినట్టే.

నాన్న చదివింది పదో తరగతి. యూనివర్సిటీ గేటు కూడా చూడలేదు. కానీ ఫారం చదవడంలో ఆయనకున్న ఓపిక నేను తర్వాత పెద్ద చదువులు చదివినవాళ్లలో కూడా చూడలేదు. పిల్లలు పెన్ను తీసి పేరు రాయబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపేవాడు. "గడులు తర్వాత బాబూ. ముందు సూచనలు." ఇంగ్లీషులో ఉన్న ఆ సూచనల్ని వేలు పెట్టి ఒక్కో మాటా కూడబలుక్కుంటూ చదివేవాడు. తెలియని మాట వస్తే హైస్కూలు ఇంగ్లీషు మాస్టారిని అడిగొచ్చేదాకా ఆ ఫారం కదిలేది కాదు. తెల్లకాగితం మీద మొత్తం ఒకసారి రాయించేవాడు. తర్వాత ఫారం మీద పెన్సిలుతో. చివరికి సిరాతో.

అన్నిటికన్నా ఆయన పట్టుబట్టింది ఎక్‌నాలెడ్జ్‌మెంట్ కార్డు దగ్గర. రిజిస్టర్ కవరు వెనక దారంతో కట్టే ఆ దళసరి కార్డుకి నాలుగు డబ్బులు ఎక్కువయ్యేవి. పిల్లలు వద్దనేవాళ్లు. నాన్న ఒప్పుకునేవాడు కాదు. "మన కవరు చేరిందని అక్కడ మనిషి సంతకం పెట్టి పంపాల. అప్పుడుగానీ మనకి నిద్రపట్టదు" అనేవాడు. డబ్బుల్లేని పిల్లలకు తన జేబులోంచి వేసేవాడు. అలాంటప్పుడు కార్డు తిరిగి రావాల్సిన చోట 'కేరాఫ్ బ్రాంచి పోస్టుమాస్టర్' అని రాసేవాడు.

* * *

అటెస్టేషన్ అంటే మాకు పశువుల డాక్టరు గారే.

నకళ్ల మీద గెజిటెడ్ అధికారి సంతకం ఉండాలి. మా దగ్గర్లో గెజిటెడ్ అంటే ఎమ్మార్వో గారు, ప్రభుత్వాసుపత్రి డాక్టరు గారు, పశువుల డాక్టరు గారు. మొదటి ఇద్దరి దగ్గరా జనం. అందుకని ఊరి పిల్లలంతా పశువుల ఆస్పత్రికి నడిచేవాళ్లం.

నేను డిగ్రీ అయ్యాక ఎమ్మెస్సీకి అప్లై చేస్తూ వెళ్లిన రోజు బాగా గుర్తుంది. ఆయన అప్పుడే ఒక గేదెను చూసి చేతులు కడుక్కుంటున్నారు. డెట్టాల్ వాసన, పేడ వాసన కలిసి వస్తున్నాయి. తువ్వాలుతో ఒక్కో వేలూ తుడుచుకున్నారు. బల్ల సొరుగులోంచి ఆకుపచ్చ సిరా పెన్ను తీశారు. ఒరిజినల్ పక్కన జెరాక్స్ పెట్టి హాల్ టికెట్ నంబరు అంకె అంకె సరిచూశారు. రబ్బరు స్టాంపు మీద ఒకసారి ఊది, కొట్టి, దాని కింద సంతకం పెట్టారు. పదకొండు కాగితాలు. పదకొండింటికీ అలాగే. మధ్యలో తల ఎత్తకుండానే అడిగారు.

"ఏం చదువుతావమ్మా?"

"బోటనీ అండీ."

"మంచిది. మా పశువులకి మేత మీ సబ్జెక్టే."

చివరి కాగితం ఇస్తూ, సిరా తడి ఆరేదాకా ఒకదాని మీద ఒకటి పెట్టొద్దని చెప్పారు. ఆ కాగితాల్ని రెండు చేతుల మీదా పరుచుకుని మైలున్నర నడిచి ఇంటికొచ్చాను. ఇప్పుడు చాలాచోట్ల మన సంతకం మనమే పెట్టుకుంటే చాలు. పిల్లలకి ఆ తిరుగుడు తప్పింది, సంతోషమే. కానీ నా కాగితాన్ని అంత శ్రద్ధగా చూసిన మొదటి అధికారి ఆయనే.

* * *

నా పేరు చివర ఇంగ్లీషులో హెచ్ అక్షరం ఉందా లేదా అన్నది ఒక వేసవి అంతా మా ఇంట్లో టెన్షన్ పెట్టింది. పది మెమోలో హెచ్ ఉంది. ఇంటర్ మెమోలో లేదు. ఇంటర్ కాలేజీలో ఎవరో నామినల్ రోల్, అంటే పరీక్షకి పంపే పేర్ల జాబితా, రాస్తూ ఒక అక్షరం వదిలేశారు. మాకు తెలిసేసరికి రెండేళ్లు దాటిపోయింది. కాలేజీకి వెళ్తే బోర్డుకి వెళ్లమన్నారు, మా చేతుల్లో ఏమీ లేదన్నారు. నాన్న గట్టిగా మాట్లాడలేదు. స్టాంపు పేపరు కొని, నోటరీ దగ్గర 'ఈ ఇద్దరూ ఒక్కరే' అని అఫిడవిట్ చేయించుకొచ్చాడు. ఆ వాక్యం చదివి అమ్మ కళ్లు తుడుచుకుంది. కూతురు ఒక్కతే అని స్టాంపు పేపరు మీద ఎందుకు రాయాలో అమ్మకి అర్థం కాలేదు.

ఆ తర్వాత వరండాకి ఏ పిల్లాడు వచ్చినా నాన్న మొదట చేసే పని, పది మెమోనీ ఇంటర్ మెమోనీ పక్కపక్కన పెట్టి పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ అక్షరం అక్షరం చదివించడం. ఇప్పటికీ నేను మా కాలేజీలో చేరే పిల్లలకు మొదట చెప్పేది ఇదే. ఇంటి పేరు ఒక మెమోలో పూర్తిగా, ఇంకో దాంట్లో పొట్టిగా ఉన్నా తర్వాత స్కాలర్‌షిప్ దగ్గరో, పాస్‌పోర్టు దగ్గరో ఇబ్బందే. మెమో చేతికొచ్చిన రోజే చూసుకుంటే దిద్దించుకోవడం తేలిక.

* * *

"అత్తా, ఏడేళ్ల స్టడీ ఎందుకడుగుతారు? మార్కులు చాలవా?" అంది మేనకోడలు.

దానికి చెబుతుంటే నా డిగ్రీ స్నేహితురాలు గుర్తొచ్చింది. వాళ్లది ఇచ్ఛాపురం వైపు. అక్కణ్ణుంచి బరంపురం దగ్గర. అందుకని హైస్కూలు, ఇంటర్, డిగ్రీలో మొదటి ఏడాది కూడా ఒరిస్సాలోనే చదివింది. వాళ్ల నాన్నగారికి ఒంట్లో బాగుండక ఇటు వచ్చి మా కాలేజీలో చేరింది. ఇల్లు ఇక్కడ, భాష ఇక్కడిది, ఓటు ఇక్కడ. ఎమ్మెస్సీ అప్లికేషన్‌లో 'లోకల్ ఏరియా' గడి దగ్గరికి వచ్చేసరికి పెన్ను ఆగిపోయింది.

రాజ్యాంగంలో 371-డి అధికరణం చేరాక 1974లో రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చింది. అప్పటి ఆంధ్రప్రదేశ్‌ని చదువుల కోసం మూడు లోకల్ ఏరియాలు చేశారు. శ్రీకాకుళం నుంచి ప్రకాశం దాకా ఆంధ్రా యూనివర్సిటీ ఏరియా. నెల్లూరు, రాయలసీమ జిల్లాలు శ్రీవేంకటేశ్వర ఏరియా. తెలంగాణ అంతా ఉస్మానియా ఏరియా. సీట్లలో 85 శాతం ఆ ఏరియా పిల్లలకి, మిగతా 15 శాతం అన్‌రిజర్వుడ్. అర్హత పరీక్ష రాసిన ఏడాదితో కలిపి వరసగా నాలుగేళ్లు ఆ ఏరియాలో చదివి ఉంటే లోకల్. అలా కుదరకపోతే, ఏడేళ్లూ రాష్ట్రంలోనే చదివినవాళ్లకి ఎక్కువ కాలం ఎక్కడ చదివారో అదే లోకల్. ఆ లెక్క తేల్చడానికే ఆరు నుంచి ఇంటర్ దాకా స్టడీ.

మా స్నేహితురాలికి ఆ నాలుగేళ్లు రాలేదు. లోకల్ కాదని తెలిసి రెండు రోజులు అన్నం తినలేదు. దాన్ని మా వరండాకి తీసుకొచ్చాను. నాన్న సూచనల పుస్తకం మొత్తం తిరగేసి, చివరి పేజీల్లో చిన్న అక్షరాల్లో ఉన్న ఒక పేరా దగ్గర వేలు ఆపాడు. తల్లిదండ్రుల్లో ఒకరు రాష్ట్రంలో పదేళ్లు నివాసం ఉన్నట్టు సర్టిఫికెట్ తెస్తే ఆ 15 శాతంలో పోటీ పడొచ్చు. "ఇదిగోనమ్మా తలుపు. చిన్నదే, కానీ ఉంది" అన్నాడు. అది ఎమ్మార్వో ఆఫీసుకి పరిగెత్తింది. ఆ చిన్న తలుపులోంచే సీటు తెచ్చుకుంది. రూల్ అందరికీ ఒకటే. దాని చివరి పేరా దాకా చదివిపెట్టే మనిషి అందరికీ ఉండడు.

* * *

కౌన్సెలింగ్ కాల్ లెటరు నాన్న సంచిలోనే వచ్చింది. పొద్దున్న సంచి విప్పుతూ ఒక్క క్షణం చేతులు ఆపాడు. కవరు నాకివ్వలేదు. ముందు దాని మీద తేదీ ముద్ర కొట్టాడు, టప్, టక్. అప్పుడు ఇచ్చాడు. డ్యూటీ అంటే డ్యూటీయే.

కవరు మీద విశ్వవిద్యాలయం చిహ్నం ఉంది. ఉదయించే సూర్యుడు, తామర, స్వస్తిక, రెండు పాములు. దానిలో 'తేజస్వి నావధీతమస్తు' అని. "అంటే ఏంటమ్మా?" అన్నాడు. నాకు తెలియదు. "అక్కడికెళ్లాక కనుక్కుని రాయి" అన్నాడు.

తన బదులు పనికి మనిషిని పెట్టి నాతో విశాఖపట్నం వచ్చాడు. 1926లో బెజవాడలో మొదలై, 1930లో వాల్తేరుకి వచ్చిన యూనివర్సిటీ అది. కట్టమంచి రామలింగారెడ్డి గారు మొదటి వైస్ ఛాన్సలర్. ఇవన్నీ తర్వాత తెలిసినవి. ఆ రోజు కనబడింది ఎత్తుపల్లాల రోడ్లు, పెద్ద చెట్లు, సముద్రం మీంచి వచ్చే ఉప్పుగాలి. నాన్న రెక్సిన్ సంచిని గుండెలకు హత్తుకుని నడిచాడు.

హాల్లో బల్లలు వరసగా వేశారు. ఒక బల్ల దగ్గర ఒరిజినల్స్ చూడటం, ఇంకో దగ్గర రిజర్వేషన్, ఇంకో దగ్గర ఫీజు చలానా. నల్లబల్ల మీద మిగిలిన సీట్లు సుద్దముక్కతో రాసి ఉన్నాయి. ఒక్కొక్కరు వెళ్లి వచ్చేకొద్దీ ఆ అంకెను చేత్తో తుడిచి చిన్న అంకె వేస్తున్నారు. నాన్న చూపు ఆ బల్ల మీంచి కదల్లేదు. నా పక్కన గుంటూరు నుంచి వచ్చిన అమ్మాయి ఉంది. ఆ అమ్మాయి డిగ్రీ నాగార్జున యూనివర్సిటీది కాబట్టి మైగ్రేషన్ సర్టిఫికెట్ కావాలన్నారు. నాకు అక్కర్లేదు, మా కాలేజీ ఆంధ్రా యూనివర్సిటీ కిందిదే. నా అఫిడవిట్ చూసిన పెద్దాయన దాన్ని రెండుసార్లు చదివి, "మంచిపని చేశారు" అని నాన్నతో అన్నారు. సీటు వచ్చింది.

బయటికొచ్చి చెట్టుకింద కూచున్నాం. ఇక అయిపోయిందనుకున్నాం. తెల్ల ఓణీ వేసుకున్న ఒక అమ్మాయి మా దగ్గర ఆగింది.

"హాస్టల్ అప్లికేషన్ ఇచ్చావా?"

"సీటు వచ్చింది కదండీ."

"సీటు వేరు, హాస్టల్ వేరు. దానికి వేరే ఫారం ఉంటది. ఈ పూటే ఇవ్వాలి. రా."

నాన్న లేచి నిలబడి ఆ పిల్లకి నమస్కారం పెట్టాడు. ఆ అమ్మాయి సిగ్గుపడిపోయి, "అయ్యో, వద్దు బాబాయ్" అంది. అన్ని సూచనలూ చదివిన నాన్నకి కూడా తెలియని సంగతి అది. చదివిన కాగితాల్లో అది లేదు. అక్కడ ఉన్నవాళ్లకి మాత్రమే తెలిసిన సంగతి.

సాయంత్రం నాన్న బస్సెక్కుతూ నా చేతిలో ఒక కట్ట పెట్టాడు. పది ఇన్‌లాండ్ లెటర్లు. పదింటి మీదా మా ఇంటి అడ్రసు తన చేతిరాతతో రాసి ఉంది.

* * *

హాస్టల్ రూములు ఇచ్చేదాకా కొత్తవాళ్లం సీనియర్ల గదుల్లో గెస్టులుగా ఉండేవాళ్లం. నన్ను ఆ అక్కే తన గదిలో పెట్టుకుంది. ఎక్కడ టిఫిను, ఎక్కడ నీళ్లు, వార్డెన్ గారితో ఎలా మాట్లాడాలి, స్కాలర్‌షిప్ ఫారం ఏ నెలలో వస్తుంది, ఆ డబ్బు వచ్చేదాకా మెస్ బాకీ గురించి ఎవరికి అర్జీ పెట్టాలి, అన్నీ ఆమె చెప్పినవే.

అసలు కష్టం క్లాసులో. డిగ్రీ దాకా తెలుగు మీడియం. ఇక్కడ పాఠం ఇంగ్లీషు. మొదటివారం సార్ చెబుతుంటే చేతులు చల్లబడిపోయేవి. తెలియని పాఠం కాదు, తెలిసిన పాఠమే, దాని మొహం మారిపోయింది. రాత్రి దుప్పటి ముసుగేసుకుని ఏడిస్తే అక్క వినింది. ఏమీ అనలేదు. మర్నాడు తన పెట్టెలోంచి ఒక నోట్‌బుక్ తీసి ఇచ్చింది. పేజీ మధ్యలో నిలువుగా గీత. ఎడమ పక్క ఇంగ్లీషు మాట, కుడి పక్క తెలుగు. ఆస్మాసిస్ పక్కన ద్రవాభిసరణ. ట్రాన్స్‌పిరేషన్ పక్కన బాష్పోత్సేకం. జైలమ్ పక్కన దారువు. మియాసిస్ పక్కన క్షయకరణ విభజన, దాని కింద ఎర్ర సిరాతో 'మైటాసిస్‌తో కలపకు, అది సమవిభజన' అని హెచ్చరిక.

చేతిరాత మధ్యలో రెండుసార్లు మారింది. అక్కకి వాళ్ల సీనియరు ఇచ్చిన పుస్తకమట అది, ఆ సీనియరుకి ఇంకొకరు. నేను చివర్లో పదిహేడు పేజీలు చేర్చి తర్వాతి ఏడాది ఒక పార్వతీపురం పిల్లకి ఇచ్చాను. ఇప్పుడు ఎక్కడుందో ఆ పుస్తకం.

మూడోవారంలో కిరణజన్య సంయోగక్రియ మీద సార్ ఒక ప్రశ్న అడిగితే జవాబు నాకు ఇంగ్లీషులోనే తట్టింది. ఆ సాయంత్రం నాన్న రాసిచ్చిన ఇన్‌లాండ్ ఒకటి తీసి ఉత్తరం రాశాను. సంస్కృతం తెలిసిన ఒక మేడమ్ గారిని అడిగి తెలుసుకున్న అర్థం కూడా అందులోనే రాశాను. 'నౌ' అంటే మన ఇద్దరి, 'అధీతం' అంటే చదివింది. మన ఇద్దరి చదువూ వెలుగు కావాలి. చెప్పేవాళ్లదీ, నేర్చుకునేవాళ్లదీ.

నాన్న జవాబు ఒక్క కార్డు. 'ఉత్తరం అందింది. ఇద్దరిదీ అనడం బాగుంది.'

* * *

ఆ ఉత్తరం చదివింది నాన్న ఒక్కడే కాదని తర్వాత తెలిసింది. అమ్మ ఏడో తరగతితో ఆగిపోయింది. 1982లో హైదరాబాద్‌లో సార్వత్రిక విశ్వవిద్యాలయం పెట్టారు. తర్వాత దానికి అంబేడ్కర్ గారి పేరు పెట్టారు. అప్పట్లో ఇంటర్ లేకపోయినా పద్దెనిమిదేళ్లు నిండినవాళ్లు అర్హత పరీక్ష రాసి డిగ్రీలో చేరే వీలుండేది. ఆ ప్రకటన నాన్న పోస్టాఫీసు గోడ మీద ఎన్నో ఏళ్లు అంటించాడు. ఎవరెవరో చూసి వెళ్లారు. అమ్మ రోజూ దాని ముందు నుంచే నీళ్ల బిందె తెచ్చేది.

నేను యూనివర్సిటీకి వెళ్లిన రెండో ఏడాది సెలవులకు ఇంటికొస్తే, వరండాలో బల్ల ముందు అమ్మ కూచుని ఉంది. ఎదురుగా నాన్న. "గడులు తర్వాత. ముందు సూచనలు" అంటున్నాడు. అమ్మ ఆయన మొహం వంక చూసి, "సూచనలు నాకు కంఠతా వచ్చు. పెన్నివ్వండి" అంది.

అర్హత పరీక్ష పాసయ్యింది. బీఏ పుస్తకాలు తెలుగులో పార్సిల్‌గా వచ్చాయి. ఆదివారాలు జిల్లా కేంద్రంలోని స్టడీ సెంటర్‌కి క్లాసులకు వెళ్లేది. పక్కన పోలీసు కానిస్టేబులు, మిల్లులో పనిచేసే ఆవిడ, పెళ్లయి పిల్లలున్న ఇద్దరు చెల్లెళ్లు. వాళ్లు ఒకరి క్యారియర్ ఒకరు పంచుకుంటూ చదివారు. మూడేళ్ల కోర్సు అమ్మకి ఐదేళ్లు పట్టింది. ఆ సర్టిఫికెట్ కూడా ఇదే పెట్టెలో, ఇవే కలరా ఉండల మధ్య ఉంది.

* * *

నేను ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో లెక్చరర్ అయ్యాక అడ్మిషన్ల డ్యూటీ ఎవరు వద్దన్నా నేను తీసుకునేదాన్ని. చాలా మంచి మార్పులు నా కళ్లముందే వచ్చాయి. ర్యాగింగ్ మీద రాష్ట్రంలో 1997లోనే చట్టం వచ్చింది. 2009లో యూజీసీ, అంటే యూనివర్సిటీల మీద ఉండే కేంద్ర సంస్థ, నిబంధనలు తెచ్చాక చేరేటప్పుడే విద్యార్థి, తల్లిదండ్రులు అఫిడవిట్ ఇస్తున్నారు. 1800-180-5522 అనే హెల్ప్‌లైన్ నంబరు ఏటా మొదటి రోజు బోర్డు మీద నేనే రాసేదాన్ని. 2008 నుంచి ఫీజు రీయింబర్స్‌మెంట్ రావడంతో, ఇంటర్‌తో ఆగిపోవాల్సిన ఆడపిల్లలు ఎంతమంది క్లాసులోకి వచ్చారో నాకు తెలుసు.

కొన్ని బాధలు మాత్రం రూపం మార్చుకున్నాయి. ఒక కుర్రాడు వేరే కాలేజీలో చేరి, పది రోజులకే మా దగ్గరికి మారాలని వచ్చాడు. వాళ్లు ఒరిజినల్స్ పట్టుకుని మొత్తం ఫీజు కడితేనే ఇస్తామన్నారు. వాళ్ల నాన్న లారీ క్లీనరు. ఒరిజినల్స్ కాలేజీ దగ్గర పెట్టుకోకూడదు, చూసి వెంటనే తిరిగి ఇచ్చెయ్యాలి అని 2018లో యూజీసీ నోటిఫికేషన్ ఇచ్చింది. ఫీజు వాపసుకి కూడా అందులో గడువుల ప్రకారం లెక్క ఉంది. అడ్మిషన్ల ఆఖరు తేదీకి పదిహేను రోజులు ముందే మానేస్తే కొద్దిగా ప్రాసెసింగ్ ఖర్చు పోను మొత్తం, ఆ తర్వాత మెల్లగా తగ్గుతూ, ఆఖరు తేదీ దాటి ముప్ఫై రోజులు గడిస్తే ఏమీ రాదు. ఆ నోటిఫికేషన్ ప్రింటు తీసి, సంబంధిత లైన్ల కింద గీతలు గీసి ఇచ్చాను. ఆ తండ్రి దాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకుని వెళ్లాడు. మూడోరోజు కొడుకు టీసీతో వచ్చాడు. ఏం మాట్లాడావయ్యా అంటే, "నేనేం మాట్లాడలేదమ్మా, కాయితం బల్ల మీద పెట్టి కూచున్నా" అన్నాడు.

2020లో డిగ్రీ ప్రవేశాలు కూడా ఆన్‌లైన్ అయ్యాయి. ఒక మధ్యాహ్నం తల్లీకూతుళ్లు వచ్చారు. ఆ పిల్ల మా కాలేజీలో చేరదామనుకుంది. చూస్తే అప్పటికే ఎవరో రిజిస్ట్రేషన్ చేసి ఆప్షన్లు కూడా పెట్టేశారు. అది ఆ పిల్ల పేరు కూడా వినని కాలేజీ. ఇంటికొచ్చి 'ఫ్రీగా అప్లై చేస్తాం' అని ఓటీపీ అడిగి తీసుకున్నారట. ఫోన్ నంబరు కూడా వాళ్లదే పెట్టారు. తల్లి నా ఎదురుగా కూచుని, "ఆ నంబర్ చెబితే సీటు పోద్దని మాకెవరు చెప్పారమ్మా" అంది. తిట్లు లేవు, ఏడుపు లేదు. నిజంగానే అడిగింది. ఆ రోజు నేను అన్నం తినలేకపోయాను. నంబరు మార్పించి, రెండో విడతలో ఆప్షన్లు ఆ పిల్ల చేతే పెట్టించేసరికి సాయంత్రం ఆరయ్యింది. సబ్‌మిట్ నొక్కేముందు ఆ పిల్లని గట్టిగా పైకి చదవమన్నాను. వేలు పెట్టి ఒక్కో మాటా చదివింది.

* * *

స్టడీ సర్టిఫికెట్లు దొరికాయి. కాన్వాసు చుట్ట లోపల, విడిగా, మేనకోడలి పేరు రాసిన కవరులో. ఎప్పుడో పిల్ల స్కూలు మారినప్పుడే నాన్న తెచ్చి పెట్టేశాడు. పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ పక్కన పెన్సిలుతో చిన్న టిక్కులు.

దాని కింద రబ్బరు బ్యాండు వేసిన దళసరి కార్డుల కట్ట ఉంది. రబ్బరు ముట్టుకోగానే తెగిపోయింది. ఎక్‌నాలెడ్జ్‌మెంట్ కార్డులు. వాల్తేరు, తిరుపతి, వరంగల్, హైదరాబాద్ ముద్రలు. 'కేరాఫ్ బ్రాంచి పోస్టుమాస్టర్' అని రాసినవన్నీ. డబ్బుల్లేక ఆయన జేబులోంచి కట్టిన పిల్లలవి. మేనకోడలు నేల మీద వరసగా పరుస్తూ పేర్లు చదివింది. తమ్ముడు ఒక్కోటీ గుర్తుపట్టాడు. ఈయన ఇప్పుడు హెడ్మాస్టరు, ఈవిడ నర్సు, వీడు దుబాయ్‌లో, ఈయన పోయాడు పాపం. కొన్ని పేర్లు ఎవరివో మాకెవరికీ తెలియలేదు. అమ్మకి తెలుసు. లోపలి నుంచి ఒకరి తర్వాత ఒకరి ఊరు చెబుతూనే ఉంది.

నా కార్డు కట్టలో లేదు. అది అమ్మ బీఏ సర్టిఫికెట్ మడతలో విడిగా ఉంది. వెనక యూనివర్సిటీ గుమాస్తా ఎవరిదో పొడి అక్షరాల సంతకం. ముందువైపు నా పేరు నాన్న చేతిరాతలో. హెచ్‌తో.

మేనకోడలి ఫోన్‌కి సర్టిఫికెట్లు వెరిఫై అయినట్టు మెసేజ్ సాయంత్రానికి వచ్చింది. అది మెసేజ్‌ని స్క్రీన్‌షాట్ తీసి, ప్రింటు కూడా తీయించుకొచ్చి, "ఇది కూడా పెట్టు అత్తా" అంది. పెట్టెలో గుడ్డమూటలు నాలుగూ ఖాళీగా ఉన్నాయి, ఉండలు ఎప్పుడో ఆవిరైపోయి వాసన మాత్రం మిగిలింది. తమ్ముణ్ని పంపి కొత్తవి తెప్పించాను. అమ్మ మూటలు కట్టింది. నాలుగు మూలలా పెట్టి మూత వేశాం.